ట్రాప్‌లో కొయోటీ పడట్లేదు, కోళ్ళు మాత్రం పోతున్నాయి. ఎవరైనా చెప్పండి

కోళ్ళగూడు:
రాత్రి నుంచి దీని మీదే కూర్చున్నాను, ఓపిక అయిపోయింది. ఊరికి దూరంగా పదెకరాల స్థలం, ఇల్లు, వెనకాల కోళ్ళ షెడ్డు. కోళ్ళు ఒక్కొక్కటే చస్తున్నాయి. చీకటి పడితే చాలు కొయోటీలు, అదే నక్కలాంటి అడవి కుక్కలు, అరుస్తాయి, కాబట్టి అవేనని ఖాయం. పక్క ర్యాంచ్ పెద్దాయన రెండు కాయిల్ స్ప్రింగ్ ట్రాపులు ఇచ్చాడు, నేలలో పాతిపెడితే కాలు పడగానే ఇనుప దవడలు మూసుకునే రకం. ఒకదాన్ని ఏదో తవ్వి బయట పడేసింది, అది మూసుకోనే లేదు. రెండోదాని పైన అడుగు గుర్తు స్పష్టంగా ఉంది, అదీ మూసుకోలేదు. వాసన అంటకుండా గ్లవ్స్ వేసుకునే పెట్టాను. వీడియోలు చూసీ చూసీ కళ్ళు మండుతున్నాయి. ఎక్కడ తేడా కొడుతోంది?

రీనో నుంచి:
ఏ రాష్ట్రం?

శాక్రమెంటో మామ:
రాష్ట్రం చెప్పకుండా ట్రాప్ గురించి అడక్కూడదు బాబూ. మా కాలిఫోర్నియాలో ఈ దవడల ట్రాపుల మీద 1998లోనే ఓటర్లు నిషేధం తెచ్చారు. బొచ్చు కోసం, సరదా కోసం ట్రాపింగ్ చేయడం 2019 చట్టంతో పూర్తిగా ఆగింది. కొలరాడోలో 1996లో ఓటు వేసి ఆపారు, పశువులకు నష్టం జరిగే చోట మాత్రం కొన్ని షరతులతో వదిలారు. న్యూ మెక్సికోలో 2022 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ భూముల మీద ట్రాపులూ ఉచ్చులూ లేవు. ఒక కుక్క ఉచ్చులో పడి చనిపోయాక వచ్చిన చట్టం అది, దాని పేరే చట్టానికి పెట్టారు. నోరులేని జీవి రాత్రంతా ఒక కాలు ఇరుక్కుని ఎలా ఉంటుందో అందరూ ఒక్కసారి ఆలోచించాలి.

పిరనీస్ అక్క:
ట్రాపులు ఎందుకు తమ్ముడూ, కుక్కను తెచ్చుకో. గ్రేట్ పిరనీస్ గానీ అనటోలియన్ గానీ. గొర్రెల మందల దగ్గర ఇవే కాపలా. మా ఇంట్లో రెండు ఉన్నాయి, కొయోటీ కంచె దగ్గరికి కూడా రాదు. కాకపోతే కుక్కకు కోళ్ళను చిన్నప్పటి నుంచే అలవాటు చేయాలి, లేకపోతే ఆటకి అదే చంపుతుంది. దాంతో పాటు కరెంటు నెట్ కూడా వేసుకో. సోలార్ ఛార్జర్ చాలు. గడ్డి పెరిగి తీగకు తగిలితే షాక్ బలం పడిపోతుంది, అది చూసుకుంటూ ఉండాలి.

కోళ్ళగూడు:
అక్కా, కుక్క తెస్తే పెద్దదయ్యేసరికి ఏడాదిన్నర పడుతుంది, ఈలోపు కోళ్ళు మిగలవు. రాష్ట్రం ఐడహో. ట్విన్ ఫాల్స్‌కి దక్షిణాన, చుట్టూ సేజ్‌బ్రష్ పొదలు. రాత్రిళ్ళు నేల గడ్డ కడుతోంది, అదేమైనా కారణమా? ఎర కూడా బాగానే పెట్టాను. కాటన్‌టెయిల్ కుందేళ్ళు కొట్టాను కదా, వాటి పేగులు ట్రాప్ పక్కనే వేశాను.

సేజ్‌బ్రష్ దారి:
ఇప్పుడు చెప్పావు అసలు సంగతి.

ముందు ఆ పేగులు తీసెయ్. పైకి కనిపించే ఎరకు 30 అడుగుల లోపు నేల మీద ట్రాప్ ఉండకూడదు, ఐడహో రూలు. గద్దలూ డేగలూ కళ్ళతో చూసి దిగుతాయి, కాలు పడేది వాటిదే. గోల్డెన్ ఈగల్ పడిందంటే ఫెడరల్ కేసు.

తవ్వి బయట పడేసిందంటే ట్రాప్ కదులుతోందన్నమాట. గుంటలో దించాక దవడల అంచుల మీద అన్ని వైపులా వేలితో నొక్కి చూడు, ఎక్కడా ఊగకూడదు. కాలు పాన్ మీద, అంటే నొక్కితే ట్రాప్ మూసుకునే మధ్య రేకు మీద, పడకుండా ముందు దవడ మీద పడితే ఇనుము కదిలిందని దానికి తెలిసిపోతుంది. ఇక పక్కనుంచి గోకి గోకి తీసేస్తుంది. స్ప్రింగుల కిందా, దవడల బయటా మట్టి కూరి పిడికిలితో గట్టిగా దిమ్మిస కొట్టు. పాన్ కింద మాత్రం ఖాళీ ఉండాలి, అక్కడికి మట్టి జారకుండా విండో స్క్రీన్ ముక్క కప్పు.

రెండోది మూసుకోకపోవడానికి కారణం గడ్డ కట్టడమే. పగలు కరిగిన తేమ రాత్రికి సిమెంటులా బిగుసుకుంటుంది, దాని మీద కొయోటీ నడిచినా పాన్ దిగదు. బాగా ఎండిన పీట్ మాస్ (తోటలకి వాడే నాచు పొడి) గానీ, మైనం కలిపిన పొడి మట్టి గానీ వాడు. ఉప్పు వేయమని కొందరు చెబుతారు, ట్రాప్ తుప్పు పడుతుంది.

సెట్ ఇలా పెట్టు. ఏటవాలుగా ఆరేడు అంగుళాల లోతు బొరియ తవ్వి, ఎర అడుగున పెట్టి, పైకి కనబడకుండా కొంచెం గడ్డి కుక్కు. పాన్ మధ్య నుంచి బొరియ అంచుకి ఏడెనిమిది అంగుళాలు. గాలి బొరియ మీదుగా ట్రాప్ వైపు రావాలి, ఎందుకంటే అది గాలికి ఎదురుగా వాసన పట్టుకుంటూ వస్తుంది.

రీనో నుంచి:
ట్యాగ్ ఉందా? 72 గంటలకోసారి చూస్తున్నావా?

కోళ్ళగూడు:
రోజూ చూస్తున్నాను. ట్యాగ్ అంటే?

రీనో నుంచి:
ప్రతి ట్రాప్‌కి మెటల్ ట్యాగ్ ఉండాలి. దాని మీద నీ పేరూ అడ్రసూ గానీ, ఫిష్ అండ్ గేమ్ (రాష్ట్ర వేట శాఖ) వాళ్ళిచ్చే నంబర్ గానీ. పెద్దాయన ట్రాపుల మీద ఆయన పేరే ఉంటుంది. లైసెన్సు సంగతి కూడా వాళ్ళ ఆఫీసుకే ఫోన్ చేసి అడుగు.

నర్సమ్మ:
నాకు ఆ కుందేలు పేగుల దగ్గరే ఆగిపోయింది. గ్లవ్స్ వాసన కోసం వేసుకున్నానన్నారు, కుందేలు కోసేటప్పుడు వేసుకున్నారా? టులరీమియా అని ఒక బ్యాక్టీరియా జబ్బు ఉంది, కుందేళ్ళ నుంచి వస్తుందని రాబిట్ ఫీవర్ అంటారు. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు లోపలికి పోతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో జ్వరం, ఆ గీత దగ్గర పుండు, చంకలో గడ్డ. యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది, కానీ డాక్టరుకి కుందేలు కోశానని మీరే చెప్పాలి, లేకపోతే వాళ్ళకి తట్టదు. కాలేయం మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే ఆ కుందేలును వండొద్దు. మాంసం లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉడకాలి, మన ఇగురు అయితే ఎలాగూ ఉడుకుతుంది. పేగులు బయట పడేస్తే మీ ఇంటి కుక్కా పిల్లీ ముట్టుకుంటాయి, అవీ జబ్బు పడతాయి.

సేజ్‌బ్రష్ దారి:
నర్సమ్మ గారు సరిగ్గా చెప్పారు. ఇంకొకటి, మీ వైపు పిగ్మీ రాబిట్ కూడా ఉంటుంది. చాలా చిన్నది, తోక కింద తెలుపు ఉండదు, పొడవాటి సేజ్‌బ్రష్‌లో సొంతంగా బొరియ తవ్వుకుంటుంది. దానికి వేట సీజన్ అసలు పెట్టలేదు, కొట్టకూడదు. తోక తెల్లగా కనిపిస్తేనే తుపాకీ ఎత్తాలి.

ఊరి బయట:
అన్నా, చచ్చిన కోళ్ళు ఎలా ఉన్నాయి? అది ఎవరూ అడగలేదు.

కోళ్ళగూడు:
తల ఉండదు. ఒళ్ళు అక్కడే పడి ఉంటుంది. ఈకలు కొంచెం రాలి ఉంటాయి.

ఊరి బయట:
అయితే కొయోటీ కాకపోవచ్చు. కొయోటీ కోడిని నోట కరుచుకుని పోతుంది, మనకి ఈకల గుట్టే మిగులుతుంది. తల పోయి ఒళ్ళు మిగిలిందంటే రకూన్ గానీ, గ్రేట్ హార్న్‌డ్ ఔల్ గానీ. రకూన్ అయితే మెష్ సందులోంచి చేయి పెట్టి తలనే లాగుతుంది. చికెన్ వైర్ చింపేస్తుంది కూడా, అర అంగుళం గళ్ళున్న హార్డ్‌వేర్ క్లాత్, అంటే గట్టి ఇనుప జాలీ, కొట్టు. గుడ్లగూబ అయితే దాన్ని ముట్టుకోకూడదు, 1918 చట్టం కింద రక్షణ ఉంది. రన్ (కోళ్ళు తిరిగే కంచె ఆవరణ) పైన వల కప్పి, పొద్దు గూకేలోపు కోళ్ళను లోపల పెట్టి తలుపు గడియ వెయ్. అప్పటిదాకా ట్రాపులు మూసెయ్.

శాక్రమెంటో మామ:
చూశారా, ఏ జంతువో తెలియకుండానే ఇనుము పాతారు. ప్రిడేటర్ అనే మాటతో అన్నింటినీ ఒక గాటన కట్టేస్తున్నారు.

రీనో నుంచి:
మామా, ప్రిడేటర్ అంటే చట్టంలో వేరే లెక్క. ఐడహోలో కొయోటీ ప్రిడేటర్, ఎర్ర నక్క ఫర్‌బేరర్, అంటే బొచ్చు జంతువుల లెక్క. పక్కనే వయోమింగ్‌లో ఎర్ర నక్క కూడా ప్రిడేటరే. అదే నక్క, గీత దాటితే రూలు మారుతుంది. బాబ్‌క్యాట్ అనే అడవి పిల్లికి మళ్ళీ సీజన్, తోలుకి ట్యాగ్, అంతా వేరు.

శాక్రమెంటో మామ:
జంతువు మారనప్పుడు దాని బాధ మాత్రం ఎలా మారుతుంది?

రీనో నుంచి:
నేను బాధ గురించి మాట్లాడలేదు. అతని మీద కేసు పడకూడదని చెప్పాను.

పిరనీస్ అక్క:
కుక్క ఉంటే రకూన్ కూడా రాదు. మళ్ళీ చెబుతున్నా.

కోళ్ళగూడు:
ట్రాపులు రెండూ తీసేశాను, పేగులు పూడ్చాను. మెష్‌లో ఒక మూల వంగి ఉంది, చెయ్యి పట్టేంత. ఈ రాత్రికి ట్రెయిల్ కెమెరా పెడుతున్నాను. థాంక్సండీ అందరికీ.

కొత్తగా వచ్చా:
యూటా, సీడార్ సిటీ దగ్గర. మాకు గుడ్లు మాయమవుతున్నాయి, పెంకు మాత్రం గూట్లోనే ఉంటోంది. స్కంకా? ఇక్కడ ట్రాప్ 48 గంటల్లో చూడాలంటున్నారు, నేను వారంలో నాలుగు రోజులు ఊళ్ళో ఉండను. ఎవరైనా చెప్పగలరా?