అప్‌డేట్: పాల మేకలకు శతావరి పొడి పెట్టొచ్చా అని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే, ఈనిన రెండు బీటల్ జాతి మేకలు పాలు తగ్గించేశాయి, శతావరి, మునగాకు పెడితే పెరుగుతాయా అని. ముందు కింది కనురెప్ప తిప్పి చూడమని ఒకరు చెప్పారు, చూస్తే ఎర్రగా ఉండాల్సింది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది! పెంటికలు పట్టుకెళ్లి పశువుల ఆసుపత్రిలో చూపిస్తే రక్తం పీల్చే నట్టలు (కడుపులో పురుగులు) బాగా ఉన్నాయన్నారు. బరువు తూచి నట్టల మందు పట్టించాం, డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు వాడలేదు (మా అమ్మ గొణుగుడు వేరే సంగతి).

ఆ తర్వాతే ఆకులు మొదలుపెట్టా. నీడలో ఆరబెట్టిన మునగాకు గుప్పెడుతో మొదలెట్టి మెల్లగా పెంచాను, సాయంత్రం తుమ్మ కొమ్మలు కట్టి వేలాడదీస్తున్నా, వాటిలోని వగరు టానిన్లు నట్టల్ని కొంత అదుపులో ఉంచుతాయి. శతావరి పొడి తవుడులో కలిపితే పెద్దమేక ఒక్క తుమ్ము తుమ్మి తవుడంతా నా మొహాన ఊదేసింది, తడిపి కాస్త బెల్లం కలిపాక తింటోంది. ఇప్పుడు లీటరుంబావు ఇస్తోంది, అంతకుముందు ముప్పావు లీటరే. ఇది శతావరి మహిమా, నట్టలు పోవడమా అంటే నా ఓటు రెండోదానికే. చిన్నది ఇంకా నీరసంగానే ఉంది, వచ్చే వారం మళ్లీ పెంటికలు పట్టుకెళ్తా.