పక్షుల పోటీ: ఫొటో లేని స్టింట్‌కీ, విన్న కూతకీ పాయింటు ఇవ్వాలా?

నేలపట్టు, పులికాట్ వైపు పనిచేసే మా సిబ్బందికి జనవరిలో సరదాగా పక్షుల పోటీ పెడుతున్నాం. జట్టుకి ముగ్గురు, అందులో ఒకరు తప్పకుండా కొత్తవారు. ఉదయం 6 నుంచి 10 దాకా, జాతికో పాయింటు. కనీసం ఇద్దరు చూసి ఒకే పేరు చెప్పాలి.

చిక్కంతా స్టింట్‌ల దగ్గరే, అంటే బురదలో మేసే చిన్న ఉల్లంకుల దగ్గర. లిటిల్ స్టింట్ కాళ్లు నలుపు, టెమ్మింక్స్ స్టింట్‌వి పసుపు కలిసిన ఆకుపచ్చ. బురద అంటుకుంటే రెండూ నల్లగానే కనిపిస్తాయి. ఎగిరితే టెమ్మింక్స్ తోక అంచులు తెల్లగా బయటపడతాయి గానీ, ఫొటో కోసం మేస్తున్న పిట్టల్ని లేపడం మాకు అస్సలు ఇష్టం లేదు. అలాంటప్పుడు ‘స్టింట్’ అని మాత్రమే రాసి అర పాయింటు ఇస్తే సరిపోతుందా?

రెండోది కూత. తుంగలో దాక్కునే రీడ్ వార్బ్లర్ కనిపించడం కష్టం, అందుకే విన్నదీ లెక్కే అంటున్నాం. రికార్డింగ్ వినిపించి పిలిస్తే మాత్రం ఆ పాయింటు రద్దు. మరి కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ చూపిన పేరును సాక్ష్యంగా తీసుకోవచ్చా, లేక చెవితో గుర్తుపట్టినవారు ఉండాల్సిందేనా?

గూడబాతులు (పెలికాన్లు) గూళ్ల మీదుండే కాలం ఇది. జనం దగ్గరికెళితే పెద్దవి లేస్తాయి, కాకులు గుడ్ల మీద పడతాయి. అందుకే బాట దిగిన జట్టుకి మొత్తం సున్నా. ఇలాంటి పోటీ నడిపినవాళ్లు ఇంకే నియమం పెట్టారో చెప్పండి.