మిషిగన్ వెలుగులు, 1966: “బురద గ్యాసు” అని తేల్చేయడం న్యాయమేనా?

వేగుచుక్క:
1966 మార్చి 20 రాత్రి అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, డెక్స్‌టర్ ఊరి దగ్గర ఒక రైతు, ఆయన కొడుకు తమ ఇంటి దగ్గరి చిత్తడి నేల మీద వింత వెలుగులు చూశారు. మర్నాడు రాత్రి హిల్స్‌డేల్ కాలేజీ హాస్టల్ నుంచి 87 మంది అమ్మాయిలు అలాంటిదే చూశారు. ఇలాంటి కేసులు చూడ్డానికి వైమానిక దళం ‘ప్రాజెక్ట్ బ్లూ బుక్’ నడిపేది. దాని సలహాదారు, ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ వచ్చారు. మార్చి 25న డెట్రాయిట్‌లో విలేకరులను పిలిచి, కుళ్లిన ఆకూ అలమూ నుంచి పుట్టిన గ్యాసు అయ్యుండొచ్చన్నారు. రాష్ట్రమంతా నవ్వులపాలైంది.

అది విచారణ కాదు, నోరు మూయించడం అంటాను నేను. ఒప్పుకోనివాళ్లు చెప్పండి.

కొల్లేటి గట్టు:
నేను ఒప్పుకోను అన్నా. బురద గ్యాసు అంటే అవమానమెందుకు? మన పెద్దవాళ్లు కొరివి దయ్యాలన్నది ఇలాంటి వెలుగులనే కదా! చిత్తడిలో మీథేన్‌తో పాటు ఫాస్ఫరస్ కలిసిన వాయువులు పుట్టి, గాలి తగలగానే అంటుకుంటాయన్నది ఎప్పటినుంచో ఉన్న వివరణ. రెండు చోట్లా వెలుగు కనిపించింది చిత్తడి మీదే.

ఇంకోటి. హైనెక్ ఆ మాట ఆ రెండు ఘటనల వరకే అన్నారు, రుజువు చేయలేనని కూడా చెప్పారు. పత్రికలు “బురద గ్యాసు” ఒక్కటే పట్టుకున్నాయి. తప్పు ఆయనదా, పత్రికలదా?

వేగుచుక్క:
పత్రికల సంగతి ఒప్పుకుంటాను. కానీ నాలుగైదు రోజుల్లో, ఊరంతా అట్టుడుకుతుంటే మైకుల ముందు చెప్పే మాటా అది? అప్పటి ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నాయకుడు జెరాల్డ్ ఫోర్డ్‌ది మిషిగనే. ఇంతకంటే మంచి జవాబు కావాలని పట్టుబట్టారు. ఏప్రిల్ 5న సభా సంఘం విచారణ జరిపింది. ఆ తర్వాతే కొలరాడో యూనివర్సిటీకి అధ్యయనం అప్పగించారు. 1969 డిసెంబరులో బ్లూ బుక్‌నే మూసేశారు. మొత్తం 12,618 కేసుల్లో 701 తేలలేదని రాసుకున్నారు. నాకు ఆ ఫైళ్లలో గౌరవం కలిగేది ఆ 701 మీదే. మిషిగన్ వాళ్లకూ “ఇంకా తేలలేదమ్మా” అని ఉంటే ఏం పోయేది?

డాబా మీద:
వేగుచుక్క గారూ, మీ వైపే నేను. మా ఇంట్లో జరిగింది చెబుతాను. పోయినేడు మా అమ్మ డాబా మీద వడియాల గుడ్డ తీస్తూ, దీపాల తోరణంలా వరసగా పోతున్న వెలుగులు చూసింది. కిందికొచ్చి చెబితే ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అమ్మ రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు.

తర్వాత కూర్చోబెట్టి అడిగాను. ఏ దిక్కున మొదలైంది? చెయ్యి చాచి పిడికిలి పెడితే ఎన్ని పిడికిళ్ల ఎత్తు? (చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు.) “నీళ్ల ట్యాంకు పక్కనుంచి, మూడు పిడికిళ్లు” అంది. టైముతో సరిచూస్తే కొత్తగా వదిలిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు. అడిగే తీరులోనే విచారణ ఉంది. 2012-13లో లడాఖ్‌లో మన సైనికులు డ్రోన్లేమోనని నెలల తరబడి లెక్కపెట్టిన వెలుగులు శుక్రుడు, గురుడు అని బెంగళూరు ఖగోళ శాస్త్రవేత్తలు తేల్చారు. ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థలో 1977 నుంచీ దీనికో విభాగమే ఉంది. మామూలు జనం చెప్పినవి తీసుకుని ఎ నుంచి డి వరకు తరగతులు పెడతారు. డి అంటే పరిశీలించాక కూడా తేలనిది. అలా రాయడానికి వాళ్లు సంకోచించరు.

కొల్లేటి గట్టు:
పిడికిలి లెక్క బాగుంది. హడావుడిగా చెప్పడం తప్పేనని ఒప్పుకుంటున్నాను, గ్యాసు మాట మాత్రం వదలను. ఇంతకీ అమ్మగారు నమ్మారా?

డాబా మీద:
వెంటనే నమ్మలేదు. ఆ సాయంత్రం తనే నన్ను డాబా మీదికి లాక్కెళ్లి, చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెట్టి చూసింది. “ఇవాళ ఇంకా కిందుగా పోతున్నాయిరా, రాసుకో” అంది.