పాత బండి సీడీఐ బాక్స్: విప్పి బాగుచేయాలా, మార్చి పారేయాలా?

మాగ్నెటో_మిత్ర
బ్యాటరీతో పనిలేకుండా మాగ్నెటో (ఇంజిన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించేది) కరెంటుతోనే నడిచే పాత మోడల్ బళ్ల గురించి ఈ చర్చ. చల్లగా ఉన్నంతసేపు బాగానే నడుస్తుంది, వేడెక్కాక స్పార్క్ మానేస్తుంది, చల్లారితే మళ్లీ స్టార్టవుతుంది. అలాంటి సీడీఐని, అంటే కెపాసిటర్‌లో కరెంటు నింపి ఒక్కసారిగా వదిలి స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ బాక్సుని, లోపల నింపిన ఎపాక్సీ (గట్టిపడిన జిగురు) తవ్వి బాగుచేయొచ్చనే నా మాట. సాదా అనలాగ్ బాక్సులో ఉండేవి రెండు మూడు డయోడ్లు, ఒక కెపాసిటర్, ఒక ఎస్‌సీఆర్ (గేటు పిన్నుకి చిన్న కరెంటు ఇస్తే ఆన్ అయ్యే ఎలక్ట్రానిక్ స్విచ్), కాసిని రెసిస్టర్లు. వీటికోసం మొత్తం బాక్సు పారేయడం దేనికి?

కిక్_లివర్
ఒప్పుకోను అన్నా. ఎపాక్సీ తవ్వుతుంటే సగం పార్టులు దాంతోపాటే ఊడొస్తాయి, వాటి మీది నంబర్లూ చెరిగిపోతాయి. లోపల మైక్రోకంట్రోలర్ ఉన్న డిజిటల్ బాక్సయితే ప్రోగ్రామ్ ఎక్కడి నుంచి తెస్తారు? నడిరోడ్డు మీద ఆగిపోయే అవకాశమున్న పార్టుకి అతుకులు వద్దు, అదే మోడల్‌కి సరిపోయే కొత్తది వేసుకోవాలి.

తీగచుట్ట
ముందు తప్పు బాక్సుదేనని తేల్చారా? వేడెక్కాక ఆగిపోతే చాలామంది సీడీఐనే అనుమానిస్తారు గానీ, మాగ్నెటోలో సీడీఐకి కరెంటు ఇచ్చే సోర్స్ కాయిల్‌కీ అంతే అవకాశముంది. సన్నటి తీగ, ఇంజిన్ వేడి పక్కనే ఉంటుంది. కిల్ స్విచ్ వైరు ఊడదీసి స్పార్క్ చూడటం మొదటి పని. తర్వాత బండి ఆగిపోయిన వెంటనే, ఇంకా వేడి మీదుండగానే సోర్స్ కాయిల్ ఓమ్స్ కొలవాలి. రాగి తీగ నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. చల్లగా 300 ఓమ్‌లున్న కాయిల్ 60 డిగ్రీలు వేడెక్కితే 370 దాకా చూపించడం సహజమే. పెరగాల్సింది తగ్గినా, ఓపెన్ చూపించినా దోషం కాయిల్‌దే.

అది బాగుంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్క సీడీఐనే వేడిచేసి కిక్ కొట్టండి. స్పార్క్ పోయిందంటే అప్పుడు బాక్సు విప్పడం గురించి మాట్లాడుకోవచ్చు.

మామూలు మల్టీమీటర్ పిన్నులు సీడీఐ సాకెట్‌లో పెట్టి ఓమ్స్ చూసి తీర్పు చెప్పకండి. మాన్యువల్‌లోని పట్టిక అందులో చెప్పిన మీటర్‌కే వర్తిస్తుంది. ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ (సీడీఐ నుంచి కరెంటు వచ్చే వైపు) దగ్గర పీక్ వోల్టేజ్ చూడటం మేలు. ఒక 1ఎన్4007 డయోడ్, దాని వెనక 0.47 మైక్రోఫ్యారడ్ 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ పెట్టి, కెపాసిటర్ కొసల మీద డీసీ కొలవండి. చాలా మాన్యువళ్లు కిక్‌కి కనీసం 100 వోల్టులు రావాలంటాయి. సున్నా వస్తే డయోడ్ తిరగేసి ఇంకోసారి చూడండి, చాలా బాక్సుల్లో పల్స్ నెగెటివ్‌గా ఉంటుంది. ప్లగ్ మాత్రం ఎర్త్‌కి ఆనించే ఉంచాలి. గాలిలో వదిలేస్తే ఇగ్నిషన్ కాయిల్ ఇన్సులేషన్ పోతుంది.

మాగ్నెటో_మిత్ర
తీగచుట్ట గారు చెప్పిన వరస సరైనదే. బాక్సుదే తప్పని తేలాక ఇలా చేయాలి. బాక్సుని హాట్ ఎయిర్‌తో 100 డిగ్రీల చుట్టుపక్కల వేడిచేసి, వెదురు పుల్లతో కొద్దికొద్దిగా గీకండి. ఆరుబయట చేయండి, ఆ పొగ పీల్చకూడదు. పిన్నుల దగ్గర టంకం చుట్టూ సన్నటి నల్లటి వలయం కనిపిస్తే ముందు అక్కడే మళ్లీ సోల్డర్ చేసి చూడాలి. వైబ్రేషన్‌కి పగిలిన జాయింట్ అది.

కెపాసిటర్ 1 మైక్రోఫ్యారడ్‌ది అయితే 300 వోల్టుల దగ్గర 45 మిల్లీజౌళ్లు ఇస్తుంది. విలువ సగానికి పడిపోతే స్పార్క్ శక్తీ సగమే. మీటర్ మీద బాగుందనిపించిన కెపాసిటర్ కూడా 300 వోల్టుల దగ్గర లీకవ్వచ్చు, అందుకే అనుమానముంటే మార్చేయడమే. పల్స్ తట్టుకునే పాలీప్రొపిలీన్ రకం, 630 వోల్టులది వేయండి. ఎలక్ట్రోలిటిక్ అస్సలు వద్దు. ముట్టుకునే ముందు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయాలి. ఎస్‌సీఆర్‌కి బీటీ151-800 సరిపోతుంది.

కిక్_లివర్
అక్కడే నా అభ్యంతరం. బీటీ151 గేటుకి గరిష్ఠంగా 15 మిల్లీఆంపులు కావాలి. పాతది సీ106 లాంటి సెన్సిటివ్ రకమైతే దానికి 200 మైక్రోఆంపులు చాలు. కిక్ వేగంలో పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో సిగ్నల్ పంపే చిన్న కాయిల్) ఇచ్చే కరెంటుకి బీటీ151 ఆన్ కాకపోవచ్చు, అయినా ఆలస్యంగా అవుతుంది. అనలాగ్ బాక్సుల్లో గేటు ఏ వోల్టేజ్ దగ్గర తెరుచుకుంటుందో టైమింగ్ దాన్నిబట్టే ఉంటుంది. అంటే ఎస్‌సీఆర్ మార్చారంటే టైమింగ్ మార్చినట్టే.

టైమింగ్_లైట్
ఈ మాట ఏ మోడల్‌కైనా సరిపోతుందని అమ్మే యూనివర్సల్ బాక్సులకి ఇంకా గట్టిగా వర్తిస్తుంది బ్రదర్. సాకెట్ పట్టినంత మాత్రాన అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఎంత ముందు పడుతుందన్నది) ఒకటే కాదు. అడ్వాన్స్ ఎక్కువైతే, ముఖ్యంగా టూ స్ట్రోక్‌లో, పిస్టన్‌కే ముప్పు. తక్కువైతే పుల్లింగ్ పోయి సైలెన్సర్ వేడెక్కిపోతుంది. బాగుచేసినా, కొత్తది వేసినా స్ట్రోబ్ (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటు) పెట్టి చూడాల్సిందే. ఐడిల్‌లో మాగ్నెటో చక్రం మీది ఎఫ్ గుర్తు కేస్ మీది గీతకి రావాలి, 3000 నుంచి 4000 ఆర్‌పీఎమ్ మధ్య అడ్వాన్స్ గుర్తు రావాలి. లైటుకి కరెంటు విడిగా 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇవ్వండి.

కిక్_లివర్
స్ట్రోబ్‌తో చూస్తానంటే అనలాగ్ బాక్సు వరకు ఒప్పుకుంటాను. డిజిటల్ విషయంలో నా మాట మారదు. ఇంకో సంగతి, తవ్వాక మళ్లీ దేనితో నింపుతారు? అలాగే వదిలేస్తే కెపాసిటర్ కాళ్లు వైబ్రేషన్‌కి తెగుతాయి.

మాగ్నెటో_మిత్ర
గట్టి ఎపాక్సీ వద్దు, వేడికి వ్యాకోచించి టంకాన్ని లాగేస్తుంది. రెండు పాళ్లు కలిపే మెత్తటి సిలికాన్ పోయండి. ట్యూబు సిలికాన్ వాడేట్టయితే న్యూట్రల్ క్యూర్ రకమే, వెనిగర్ వాసన కొట్టేది రాగిని తినేస్తుంది. స్ట్రోబ్ చూసి, హెయిర్ డ్రయ్యర్ పరీక్ష మళ్లీ పెట్టి, రెండూ పాసయ్యాకే నింపండి.