డెంటల్ నర్సుకు సొంత ఇండెమ్నిటీ కవర్ అవసరమా?

నమస్కారం. ఇంగ్లండ్‌లో రిజిస్టర్డ్ డెంటల్ నర్సుగా పనిచేస్తున్నాను. జులై 31లోపు దంత వైద్య సిబ్బందిని నియంత్రించే జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసుకునేటప్పుడు ఇండెమ్నిటీ (రోగికి హాని జరిగితే పరిహారం చెల్లించే బీమా లాంటి రక్షణ) ఉందని మనమే డిక్లరేషన్ ఇవ్వాలి కదా. యజమాని పాలసీలో నేనూ ఉన్నానని మా మేనేజరు నోటిమాటగా చెబుతున్నారే తప్ప, ఎన్నిసార్లు అడిగినా కాగితం చూపించడం లేదు. సక్షన్ గొట్టం తగిలి నాలుక కింద గీసుకుపోయిందని ఒక రోగి ఫిర్యాదు చేసినప్పటి నుంచి నా సహోద్యోగికి కంటి మీద కునుకు లేదు. పరిహారం సంగతి యజమాని పాలసీ చూసుకున్నా, విషయం కౌన్సిల్ విచారణ దాకా వెళితే లాయరు ఖర్చు ఎవరు భరిస్తారన్నదే నా అసలు భయం. సొంతంగా కవర్ తీసుకున్నవారు, విచారణ సమయంలో న్యాయ సహాయంతో పాటు కౌన్సెలింగ్ కూడా అందిందా, ఉద్యోగం మారాక పాత ఫిర్యాదులకూ అది వర్తించిందా అన్నది దయచేసి తెలియజేయగలరు.