గిరీశాన్ని చూసి నవ్వితే గురజాడ అతణ్ణి సమర్థించినట్టా?

ప్రశ్న:
ఈ నెల మా మిత్రబృందం ‘కన్యాశుల్కం’ 1909 నాటి మలికూర్పును చదివింది. పూటకూళ్లమ్మ సొమ్ము 20 రూపాయలు కాజేసి, శిష్యుడికి చుట్ట కాల్చడం మాత్రమే నేర్పి, చివరికి వితంతువు బుచ్చమ్మను లేవదీసుకుపోయిన గిరీశానికి గురజాడ నాటకంలోకెల్లా రుచికరమైన మాటలు ఇచ్చారని, ఇది అవినీతిని సమర్థించడమేనని ఒకరు ఆక్షేపించారు. ఆ మాటలకు నేనూ పగలబడి నవ్వినవాణ్ణే కనుక జవాబు చెప్పలేకపోయాను. మీరేమంటారు?

జవాబు 1:
సమర్థన కాదు. చివరి రంగంలో సంస్కరణవాది అయిన వకీలు సౌజన్యారావు పంతులు గిరీశాన్ని వెళ్లగొట్టి, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతానంటాడు. “డామిట్! కథ అడ్డంగా తిరిగింది” అని గిరీశం అన్నది ఓడిపోయినవాడి మాట.

జవాబు 2:
పై జవాబుతో నాకు పేచీ ఉంది. శిక్షే కొలబద్ద అయితే, చివరి పేజీలో దుష్టుణ్ణి దండించే ప్రతి చవకబారు కథా నీతిగ్రంథమే అవుతుంది. విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1,034 కన్యాశుల్క వివాహాల (పెళ్లికూతురి తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్లిళ్ల) లెక్కను గురజాడ 1897 నాటి పీఠికలో ఇచ్చారు. వాటిలో ఏడాది వయసు పెళ్లికూతుళ్లు ముగ్గురు. ఆచారం పేరిట చిన్నకూతురు సుబ్బిని 1,800 రూపాయలకు పెళ్లికి అమ్మజూపిన బుచ్చమ్మ తండ్రి అగ్నిహోత్రావధానులును ఊళ్లో ఎవరూ అవినీతిపరుడనరు. గిరీశమో, న్యాయమైన వితంతు వివాహవాదాన్ని తన కామానికి ముసుగు చేసుకున్నాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, మంచి మాట మోసగాడి నోట, చెడ్డ పని పెద్దమనిషి చేత చూపించినప్పుడు, రచయిత అభిప్రాయాన్ని ఏ ఒక్క పాత్ర పలుకుల్లోనూ వెతకలేం. నాటకంలోని వేశ్య మధురవాణినే చూడండి: వేశ్యల మొహం చూడనని పట్టుబట్టిన సౌజన్యారావు దగ్గరికి ఆమె మగవేషంలో వెళ్లి ఆయన్నే ఇరుకున పెడుతుంది. అంతమాత్రాన గురజాడ వేశ్యావృత్తిని మెచ్చుకున్నారని ఎవరైనా అనగలరా? (అన్నవారు ఉంటే ఆశ్చర్యపోను.)

ప్రశ్న వేసినవారు:
మీ వాదన ఒప్పుకుంటున్నాను, కానీ ఒక ముల్లు మిగిలింది. మనం ఏ వాక్చాతుర్యానికి మురిసిపోతున్నామో, బుచ్చమ్మ నమ్మి ఇల్లు విడిచింది కూడా దాన్నే. మా మిత్రుడి ఆక్షేపణ గురజాడకు తగలదేమో గాని, ఆ రంగం చదువుతూ బుచ్చమ్మ సంగతే మరిచి నవ్విన నాకు మాత్రం కొంత తగిలింది.