హోండా సిటీకి టెయిల్ లైట్లు మార్పిద్దామనుకుంటున్నా, నాన్న వద్దంటున్నారు

ఖమ్మం సెడాన్:
అందరికీ నమస్తే. మాది 2015 హోండా సిటీ, నాన్న కొన్నారు, ఇప్పుడు ఆయనా నేనూ ఇద్దరం నడుపుతాం. ఇంజిన్ బాగుంది, ఏసీ బాగుంది, కానీ టెయిల్ లైట్ల లెన్సులు ఎండకి వెలిసిపోయి పైన సన్నగా గీతలు పడి బండి మొత్తం ముసలిదానిలా కనిపిస్తోంది. ప్రతి సంక్రాంతికి రాజమండ్రి అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్తాం, ఈసారి వెళ్ళేలోపు వెనకభాగం కొత్తగా చేయించాలని చాలా ఆశగా ఉంది. షాపులో మూడు రకాలు చెప్పాడు. ఒకటి ఉన్న లైట్ల మీద స్మోక్ ఫిల్మ్, అంటే నల్లటి పొర అంటించడం, రెండు మొత్తం ఎల్ఈడీ సెట్టు, ఇండికేటర్ లైను పరిగెత్తినట్టు వెలిగేది, మూడు లోపల బల్బులు మాత్రం ఎల్ఈడీవి వేయడం. నా మనసు రెండోదాని మీద ఉంది, ఫిల్మ్ కూడా వేయించాలని ఉంది. నాన్నేమో వైరింగ్ కోస్తారు, వద్దురా అంటున్నారు. నిజంగా వైర్లు కోయాల్సి వస్తుందా? పోలీసులు ఆపుతారా? చేయించుకున్నవాళ్ళు చెప్పండి అన్నలూ.

ఆటోనగర్ వైరింగ్:
తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో 20 ఏళ్ళుగా కార్ ఎలక్ట్రికల్ పని చేస్తున్నా, నాకు తెలిసింది చెప్తా. నీ బండి వయసు బళ్ళలో వెనక ఎక్కువగా ఉండే బల్బు రెండు ఫిలమెంట్లది, అంటే లోపల వెలిగే సన్న తీగలు రెండుంటాయి, 21/5 వాట్లు అని రాసుంటుంది. 5 వాట్లది రాత్రి పార్కింగ్ లైటుగా వెలుగుతుంది, బ్రేక్ నొక్కితే 21 వాట్లది అందుకుంటుంది, ఆ తేడా చూసే వెనకోడు నువ్వు బ్రేక్ కొట్టావని కనిపెడతాడు. చవక ఎల్ఈడీ బల్బుల్లో అసలు గొడవ ఇక్కడే, పార్కింగ్‌కీ బ్రేక్‌కీ వెలుగులో పెద్ద తేడా ఉండదు, రాత్రి చూస్తే ఎప్పుడూ బ్రేక్ నొక్కినట్టే ఉంటుంది, అప్పుడు నిజంగా నొక్కినా వెనకోడికి తెలియదు. ఇంకోటి, ఎర్ర లెన్స్ వెనక తెల్ల ఎల్ఈడీ పెట్టొద్దు, దాని వెలుగులో ఎరుపు తక్కువ కాబట్టి లెన్స్ సగానికి పైగా మింగేసి పాలిపోయిన గులాబీ రంగు వస్తుంది, ఎర్ర ఎల్ఈడీనే పెట్టాలి.

అలాగని ఎల్ఈడీ చెడ్డదని కాదు. మామూలు ఫిలమెంట్ వేడెక్కి పూర్తిగా వెలగడానికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది, ఎల్ఈడీ వెంటనే వెలుగుతుంది, 100 స్పీడులో ఆ 0.2 సెకన్లకి బండి ఐదున్నర మీటర్లు వెళ్ళిపోతుంది, అంటే వెనకోడికి ఒక కారు పొడవు ముందే తెలుస్తుంది. అందుకే మంచి రకం ఎర్ర ఎల్ఈడీ బ్రేక్‌కి వేస్తానంటే నేను కాదనను. ఇండికేటర్ జోలికి మాత్రం పోకు. 21 వాట్ల బల్బు లాగే కరెంటు ఎల్ఈడీ లాగదు, బండి బల్బు పోయిందనుకుని టకటకటక స్పీడుగా కొడుతుంది, దానికి షాపులో 6 ఓమ్స్ రెసిస్టర్ పెడతారు, అది వెలిగినంతసేపూ 24 నుంచి 30 వాట్ల వేడి కక్కుతుంది. దాన్ని ఇనుప బాడీకి బిగించకుండా డిక్కీ లోపల ప్లాస్టిక్ ట్రిమ్‌కి అంటించి పంపిన బళ్ళు నా దగ్గరకి వచ్చాయి, ట్రిమ్ కరిగి వైరు తొడుగు మాడిపోయి ఉన్నాయి.

మొత్తం సెట్టు వేయించేదైతే ఒకే ఒక్క మాట, కప్లర్‌కి కప్లర్ తగిలేదే తీసుకో, కప్లర్ అంటే వైర్ల చివరుండే ప్లాస్టిక్ ప్లగ్గు. వైరు కోసి మెలిపెట్టి టేపు చుట్టే షాపైతే వచ్చెయ్. టెయిల్ లైట్లలో ఎర్త్ చాలా ముఖ్యం, అది లూజైతే బ్రేక్ నొక్కినప్పుడు ఇండికేటర్ కూడా మసగ్గా వెలుగుతుంది, జనం బల్బులు మారుస్తూనే ఉంటారు.

రాత్రి హైవే:
స్మోక్ ఫిల్మ్ గురించి నేను చెప్పాలి, ఎందుకంటే నేను వేయించాను. నాది వేరే సెడాన్, హైదరాబాద్‌లో చేయించాను, పగలు పార్కింగ్‌లో చూస్తే నిజంగా చాలా బాగుండేది. జనవరిలో విజయవాడ హైవే మీద తెల్లారుజామున నకిరేకల్ దాటాక మంచు పట్టేసింది, ముందు లారీ స్లో అయితే నేనూ బ్రేక్ నొక్కాను, వెనకొచ్చే వ్యాన్ ఆగలేకపోయింది. బంపరూ డిక్కీ డోరూ పోయాయి, వెనక సీట్లో మా అమ్మ మెడ పట్టేసి 3 వారాలు కాలర్ పెట్టుకుంది. వ్యాన్ ఆయన దిగి ఒకటే మాట అన్నాడు, సార్ మీ లైటు నాకు కనపళ్ళేదు అని. మంచు కూడా కారణమే, కానీ ఆయన అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. ఆ వారమే ఫిల్మ్ పీకించేశాను. మీరు పండక్కి అదే టైములో ఇంటిల్లిపాదీ వెళ్తారు కాబట్టి దయచేసి ఫిల్మ్ ఆలోచన మానెయ్యండి.

ఖమ్మం సెడాన్:
అన్నా అమ్మగారు ఇప్పుడు బాగున్నారా? ఇది చదివాక ఫిల్మ్ వద్దని ఫిక్స్ అయిపోయాను. మరి ఎల్ఈడీ సెట్టుకి ఆర్టీఏ రూల్ ఏంటో ఎవరైనా చెప్పండి, ఆన్‌లైన్‌లో అమెరికా స్టైల్ అని ఇండికేటర్ కూడా ఎర్రగా ఉండే సెట్టు ఒకటి చూశాను, అది బాగా నచ్చింది.

లెన్స్ మీద అక్షరాలు:
అది వద్దండీ. మన దగ్గర ఇండికేటర్ అంబర్, అంటే నారింజ పసుపు రంగులోనే ఉండాలి, నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 105 ప్రకారం వెనక రెండు ఎర్ర లైట్లు 155 మీటర్ల దూరానికి కనపడాలి, నంబర్ ప్లేటు తెల్లలైటులో 50 మీటర్ల నుంచి చదవగలగాలి. కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడం గురించి మోటార్ వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది, ఆ ఏడాది సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేలు ఫైన్ గానీ 6 నెలల వరకు జైలు గానీ రెండూ గానీ వేయొచ్చు. చెక్‌పోస్టులో ఆపుతారా లేదా అన్నది వేరే సంగతి, యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయర్ కోసిన వైర్లు చూస్తే మీకే తలనొప్పి.

మీరు ఏ సెట్టు చూసినా ముందు లెన్స్ మీద చెక్కిన చిన్న అక్షరాలు చదవండి. టెయిల్‌కి ఆర్, బ్రేక్‌కి ఎస్1, ఇండికేటర్‌కి 2ఎ, రివర్స్‌కి ఏఆర్ ఇలా ఉంటాయి, ఐఏ అని ఉంటే అది రిఫ్లెక్టర్. చవక సెట్లలో ఎక్కువగా ఎగరగొట్టేది ఈ రిఫ్లెక్టర్‌నే. బ్యాటరీ చచ్చి రాత్రి రోడ్డు పక్కన బండి చీకట్లో ఆగిందనుకోండి, వెనకొచ్చేవాడి హెడ్‌లైటు పడి మెరిసేది అదొక్కటే. రిఫ్లెక్టర్ లేని సెట్టు ఎంత అందంగా ఉన్నా నేనైతే పెట్టను.

డల్లాస్ నుంచి:
ఆయన చెప్పింది కరెక్ట్. ఇక్కడ అమెరికాలో వెనక ఇండికేటర్ ఎర్రగా ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది, అందుకే ఆ సెట్లు అలా వస్తాయి. నాకైతే ఇక్కడ కూడా అది నచ్చదు, వర్షంలో ముందోడు బ్రేక్ నొక్కాడో తిరుగుతున్నాడో అర్థం కాక చాలాసార్లు ఇబ్బంది పడ్డాను.

ఆటోనగర్ వైరింగ్:
తమ్ముడూ ఇంకొకటి మర్చిపోయా. ఎవడైనా లైటు ఓపెన్ చేసి లోపల నల్ల రంగు కొట్టిస్తానంటే ఒప్పుకోకు. హెడ్‌లైట్లు చాలావాటికి గమ్ము ఉంటుంది, వేడి చేస్తే ఊడుతుంది, టెయిల్ లైటు ఎక్కువగా ప్లాస్టిక్ వెల్డింగు, కోస్తే గానీ రాదు, కోసింది మళ్ళీ నీళ్ళు పట్టకుండా అతకదు. మొదటి వానకే లోపల ఆవిరి పడుతుంది.
లెన్స్ వెలిసిపోతే నీళ్ళపేపర్ (తడిపి రుద్దే సాండ్‌పేపర్) 1000, 2000, 3000 నంబర్లవి వరసగా తడిపి రుద్ది పాలిష్ కాంపౌండ్ పెడితే మెరుపొస్తుంది, పైన యూవీ క్లియర్ కోట్ కొట్టించు. పగుళ్ళు లోపలిదాకా ఉంటే మాత్రం రుద్దినా పోవు, కంపెనీ లైటు కొత్తది వేసుకోవడమే.

ఖమ్మం సెడాన్:
అందరికీ చాలా థాంక్స్, నాన్నకి మొత్తం చదివి వినిపించాను. ఎడమవైపు పగులు లోతుగా ఉంది కాబట్టి ఆ ఒక్కటీ కంపెనీది కొత్తది, కుడివైపుది పాలిష్, బ్రేక్‌కి ఎర్ర ఎల్ఈడీ, ఇండికేటర్ ఉన్నది ఉన్నట్టే. ఆదివారం రాత్రి నాన్నని బ్రేక్ మీద కూర్చోబెట్టి నేను వెనక్కి నడిచి చూస్తా ఎంత దూరం కనపడుతుందో.

రాత్రి హైవే:
అమ్మ బాగుంది తమ్ముడూ. రాత్రి ఒక్కటే కాదు, మధ్యాహ్నం సూర్యుడు నేరుగా లెన్స్ మీద పడేటప్పుడు కూడా పార్కింగ్ లైటు వేసి బ్రేక్ నొక్కించి చూడు, తేడా తెలియకపోతే ఆ బల్బులు తిరిగిచ్చెయ్.